పొగరు, పరధ్యానం, బద్ధకం: 34 ఏళ్ళకి తెలిసిన అసలు పేర్లు



ఈ రోజు మాట్లాడబోయేది నా గురించే. నాకు ఆటిజం ఉంది. ఏడీహెచ్‌డీ కూడా ఉంది. రెండూ చిన్నప్పటి నుంచీ ఉన్నవే, కానీ ఆ పేర్లు నాకు తెలిసింది 34 ఏళ్ళ వయసులో. ఇప్పుడు 36. ఈ రెండేళ్ళలో ఇంట్లో చెప్పాను, ఆఫీసులో చెప్పాను, ఒక పెళ్ళిచూపుల్లో కూడా చెప్పాను. ఇదిగో ఇప్పుడు మీకు చెప్తున్నాను. చెప్తే ఏమవుతుంది అన్నదే ఈ రోజు టాపిక్.

"ఈ 5 లక్షణాలుంటే మీకు ఏడీహెచ్‌డీ ఉన్నట్టే" అనే రీల్స్ మీరు చూసే ఉంటారు. ఇది ఆ టైపు వీడియో కాదు. బండి తాళం ఎక్కడ పెట్టామో మర్చిపోవడం అందరికీ జరుగుతుంది.

ముందు పేర్ల సంగతి చూద్దాం. మన తెలుగులో వీటికి పేర్లు లేవనుకుంటాం కదా. ఉన్నాయండీ, బోలెడు. కాకపోతే అన్నీ తిట్లే. చుట్టాలొచ్చినప్పుడు గదిలోంచి బయటికి రాకపోతే పొగరు. పిలిస్తే పలక్కపోతే పరధ్యానం, రెండోసారీ పలక్కపోతే చెవుడు. కూర్చున్నచోట కాళ్ళు ఊపితే ఇంటికి దరిద్రం. పప్పూ పెరుగూ కలిసిపోయాయని కంచం తోసేస్తే గారాబం. మొదలుపెట్టిన పని సగంలో ఆగితే బద్ధకం. ఉన్నది ఉన్నట్టు మొహం మీద చెప్తే నోటిదురుసు. పట్టు లంగా జరీ గుచ్చుకుంటోందని ఏడిస్తే వేషాలు. నా విషయంలో వీటిలో ఒక్కటి కూడా మిస్ అవ్వలేదు. ఒకే మనిషికి ఇన్ని చెడ్డ గుణాలు ఎలా వచ్చాయా అని చిన్నప్పుడు నిజంగానే కూర్చుని ఆలోచించేదాన్ని.

34 ఏళ్ళప్పుడు ఒక డాక్టరుగారు ఈ తిట్లన్నిటినీ రెండు పేర్ల కింద సర్దేశారు. ఆ రోజు ఆటోలో ఇంటికెళ్తూ ఏడ్చాను. బాధతో కాదు. సరే, కొంచెం బాధ కూడా ఉంది లెండి.

సింపుల్‌గా చెప్తాను. ఆటిజం ఉన్నవాళ్ళ మెదడు లోకాన్ని అందుకునే తీరే వేరు. నాకు కుక్కర్ విజిల్ చెవిలో సూది పెట్టి పొడిచినట్టు ఉంటుంది. ఫంక్షన్ హాల్లో బ్యాండు, ఆ తెల్ల లైట్లు, పదిమంది ఒకేసారి మాట్లాడటం, ఈ మూడూ కలిస్తే నాకు నోట మాట రాదు. మొండికేసి కాదు, నిజంగానే రాదు. మాటకి పైన ఒక అర్థం, లోపల ఒక అర్థం ఉంటే నాకు పైదే అందుతుంది. లోపలిది రాత్రి పడుకున్నాక అందుతుంది.

ఏడీహెచ్‌డీ సంగతి ఇంకొకటి. దాని పేరులోనే శ్రద్ధ తక్కువ అని ఉంటుంది. నాకు శ్రద్ధకేం లోటు లేదు, అది నా మాట వినదంతే. కరెంటు బిల్లు కట్టడానికి నాకు తొమ్మిది రోజులు పడుతుంది, ఫోన్‌లో రెండు నిమిషాల పని. అదే ఒక పాత రైల్వే టైమ్‌టేబుల్ దొరికిందనుకోండి, తెల్లారేదాకా చదువుతూ కూర్చుంటాను, అన్నం కూడా గుర్తురాదు.

మరి రెండూ ఒకే మనిషిలో ఉంటే? ఒకే ఇంట్లో అత్తాకోడళ్ళు అనుకోండి. ఆటిజం అత్తగారు. ఏ గిన్నె ఆ చోటే ఉండాలి, సోమవారం వండిందే మంగళవారమూ కావాలి, చెప్పకుండా ఇంటికి ఎవరూ రాకూడదు. ఏడీహెచ్‌డీ కోడలు. రోజుకో కొత్తది కావాలి, నిన్నటిదంటే విసుగు, గిన్నె ఎక్కడ పెట్టిందో తనకే తెలీదు. మధ్యలో నలిగేది నేను. ఒకసారి వరసగా నాలుగు నెలలు పొద్దున్నే ఉప్మానే తిన్నాను, హాయిగా. ఒక రోజు లేచేసరికి ఆ పోపు వాసనకే కడుపులో తిప్పింది. ఇప్పటికీ ఉప్మా ముట్టను. అమ్మకి ఇది ఇప్పటికీ అర్థం కాలేదు, నాకూ పూర్తిగా కాలేదు.

ఇంకో చిక్కు ఏంటంటే, బయటివాళ్ళకి ఒకటి రెండోదాన్ని కప్పేస్తుంది. నా గది చూసి "ఆటిజం వాళ్ళు చాలా పద్ధతిగా ఉంటారటగా?" అంటారు. నా లిస్టులు చూసి "ఏడీహెచ్‌డీ అయితే ఇంత ప్లానింగ్ ఎలా?" అంటారు. డాక్టర్లకి కూడా ఈ ఇబ్బంది ఉండేది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వాళ్ళ డీఎస్ఎమ్ అనే మాన్యువల్ ఉంది, మన దేశంలో కూడా డాక్టర్లు దాన్ని వాడతారు. 2013లో దాని ఐదో ఎడిషన్ వచ్చేదాకా, ఆటిజం అని రాసిన మనిషికి పక్కనే ఏడీహెచ్‌డీ అని రాసే వీలు లేదు. ఆ రెండూ కలిసి ఉండవని రూలు. అప్పటికే నేను చదువైపోయి ఉద్యోగం చేస్తున్నాను.

"ఇన్నాళ్ళూ ఎవరూ ఎలా కనిపెట్టలేదు?" అని అందరూ అడుగుతారు. దీనికి నా దగ్గర సమాధానం ఉంది, కాస్త పెద్దది.

ఇంగ్లిష్ వీడియోల్లో ఆటిజం అనగానే ముందు చెప్పేది కళ్ళల్లోకి చూడరు అని. మన ఇళ్ళల్లో ఏం నేర్పుతారు? పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే తల దించుకుని నిలబడమంటారు. నేను తల దించుకునే ఉండేదాన్ని. ఎంత వినయం అని మెచ్చుకున్నారు! డిగ్రీ చివర్లో ఇంటర్వ్యూ ట్రైనింగ్ ఇచ్చిన సార్ "ఐ కాంటాక్ట్, ఐ కాంటాక్ట్" అని అరిచేదాకా అదొక సమస్య అని నాకు తెలీదు. తర్వాత ఎదుటివాళ్ళ కనుబొమల మధ్య చూడటం ప్రాక్టీస్ చేశాను. ఇప్పటికీ అదే చూస్తాను. మీ బొట్టు ఏ రంగో నాకు గుర్తుంటుంది, మీరేం చెప్పారో గుర్తుండదు.

రెండోది ఇంటర్. నన్ను రెసిడెన్షియల్ కాలేజీలో వేశారు. మీలో చాలామందికి ఆ జీవితం తెలుసు. పొద్దున్న ఐదింటికి బెల్లు, స్టడీ అవర్, టిఫిన్, క్లాసులు, మళ్ళీ స్టడీ అవర్, రాత్రి పదింటికి లైట్లు ఆఫ్. ఆ కాలేజీల గురించి మంచి చెప్పే ఉద్దేశం నాకు లేదు. పిల్లల్ని పిండేస్తారు. కానీ ఒక విషయం చెప్పాలి. ఆ రెండేళ్ళలో "ఇప్పుడు ఏం చెయ్యాలి" అని నేను ఒక్క పూట కూడా నిర్ణయించుకోలేదు. నా మెదడుకి చేతకాని పనిని ఆ బెల్లు చేసిపెట్టింది. మార్కులు బాగా వచ్చాయి. మార్కులొచ్చే పిల్లకి, అదీ గొడవ చెయ్యని ఆడపిల్లకి, ఏదో ఉందని ఎవరనుకుంటారు? హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరి గది తీసుకున్నాక బెల్లు కొట్టేవాళ్ళు లేరు. ఆర్నెల్లలో అంతా చేజారిపోయింది. అద్దె, గ్యాస్ బుకింగ్, బట్టలు, ఆఖరికి స్నానం కూడా. జీతం అకౌంట్లో ఉంది, అద్దె కట్టలేదు. ఓనర్ ఆంటీకి ఇది ఎలా చెప్తే అర్థమవుతుంది?

డయాగ్నసిస్ ఒక గంటలో తేలలేదు. సైకియాట్రిస్ట్ ఒకరు, క్లినికల్ సైకాలజిస్ట్ ఒకరు, నాలుగైదు సిట్టింగులు. డీఎస్ఎమ్ ప్రకారం ఏడీహెచ్‌డీ అనాలంటే కొన్ని లక్షణాలు 12 ఏళ్ళలోపే కనిపించి ఉండాలి. ఈ మాట ఫోన్ పట్టుకుని కంగారుపడే మీ అందరి కోసం మళ్ళీ చెప్తున్నాను. గత ఏడాది నుంచే దృష్టి నిలవట్లేదంటే అది నిద్ర కావచ్చు, ఆందోళన కావచ్చు, థైరాయిడ్ కావచ్చు. డాక్టర్లు అవన్నీ చూస్తారు.

అందుకని అమ్మని పిలిపించారు. "చిన్నప్పుడు ఎలా ఉండేదమ్మా?" అని అడిగారు. అమ్మ వెంటనే, "చాలా బుద్ధిమంతురాలండీ" అంది. "ఎవరితోనూ ఆడేది కాదు, చీమల బారు చూస్తూ గంటలు కూర్చునేది. అదే స్టీలు గ్లాసు ఉండాలి, లేకపోతే పాలు ముట్టేది కాదు. గొడుగులు మాత్రం ఏడాదికి నాలుగు పారేసుకొచ్చేది. ఏ ఇబ్బందీ పెట్టలేదండీ." డాక్టరుగారు తలెత్తకుండా రాసుకుంటూనే ఉన్నారు. అమ్మ బీరువా అడుగు నుంచి ప్రోగ్రెస్ కార్డులు కూడా తెచ్చింది. మూడో తరగతి నుంచి ఏడో తరగతి దాకా, టీచర్లు మారారు గానీ రిమార్కు మారలేదు: తెలివైనదే, నిర్లక్ష్యం ఎక్కువ.

మందుల గురించి క్లుప్తంగా. ఆటిజాన్ని పోగొట్టే మందు లేదు. పోగొడతామని ప్యాకేజీలు అమ్మేవాళ్ళకి డబ్బు కట్టకండి. ఏడీహెచ్‌డీకి మందులున్నాయి. ఎక్కువగా వాడేది మిథైల్‌ఫెనిడేట్. మన దేశంలో అది షెడ్యూల్ ఎక్స్‌లో ఉంది, అంటే డాక్టరు చీటీ రెండు కాపీలు ఉండాలి, ఒకటి షాపువాళ్ళే ఉంచుకోవాలి. అందుకే ప్రతి మందుల షాపులోనూ దొరకదు. మొదటిసారి అడిగినప్పుడు షాపాయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. ఆ మందు వేసుకుంటే నాకు కోడలు కాస్త కుదురుకుంటుంది, కానీ అత్తగారి గొంతు పెరుగుతుంది. గందరగోళం తగ్గిన కొద్దీ శబ్దాలు ఎక్కువ గుచ్చుకుంటాయి. ఇంకొకరికి ఇంకోలా ఉండొచ్చు, అది మీ డాక్టరు తేల్చాల్సిన విషయం.

ఇక చెప్పడం సంగతి.

పేరు తెలియక ముందు నేను చేసిందంతా నటనే. దాన్ని మాస్కింగ్ అంటారు. "భోజనం చేశారా?" అని ఎవరైనా అడిగితే, ఏ కూర తిన్నానో, ఉప్పు సరిపోయిందో లేదో కూడా చెప్పేదాన్ని. అది పలకరింపు, ప్రశ్న కాదు అని ఇరవైలలో తెలిసింది. తెలిసి "ఆ అయింది, మీరు చేశారా?" అని బట్టీ పట్టాను. ఫోన్ కాల్‌కి ముందు కాగితం మీద డైలాగులు రాసుకుంటాను. ఆఫీసులో ఎప్పుడు నవ్వాలో పక్కసీటు అమ్మాయిని చూసి నవ్వుతాను. ఎనిమిది గంటలు అలా చేసి ఇంటికొస్తే చీకట్లో నేల మీద పడుకోవడం తప్ప ఇంకేం చెయ్యలేను.

డేమియన్ మిల్టన్ అనే బ్రిటిష్ సోషియాలజిస్టు ఉన్నారు, ఆయనకీ ఆటిజం ఉంది. 2012లో ఆయనొక మాట చెప్పారు. ఆటిజం ఉన్నవాళ్ళకి ఎదుటివాళ్ళు అర్థం కారు అనేది సగమే నిజం, ఎదుటివాళ్ళకి కూడా వీళ్ళు అర్థం కారు, తెగిపోయేది రెండువైపులా అని. దాన్ని డబుల్ ఎంపతీ ప్రాబ్లమ్ అంటారు. చదివినప్పుడు, ఇది ఎవరూ ముందే ఎందుకు చెప్పలేదు అని కోపం వచ్చింది నాకు.

2017లో అమెరికాలో నోవా సాసన్ అనే ప్రొఫెసరు, ఆయన తోటివాళ్ళు కలిసి ఒక పరిశోధన ప్రచురించారు. ఆటిజం ఉన్నవాళ్ళవీ లేనివాళ్ళవీ చిన్న చిన్న క్లిప్పులు జనానికి చూపించారు. కొన్ని సెకన్లలోనే, ఆటిజం ఉన్నవాళ్ళ మీద తక్కువ అభిప్రాయం ఏర్పడింది. వీళ్ళతో మాట్లాడాలని లేదు అన్నారు. అవే మాటలు వీడియో, ఆడియో లేకుండా రాతలో ఇస్తే ఆ తేడా పోయింది. అంటే ఇబ్బంది మాటల్లో లేదు, చెప్పే తీరులో ఉంది. ఈ ఎపిసోడ్ వీడియోలో చూస్తున్నవాళ్ళకి నేను ఎటో చూస్తూ పెన్ను తిప్పుతూ కనిపిస్తున్నాను. రాతలో చదివేవాళ్ళకి ఆ పెన్ను లేదు. వాళ్ళకి నేను బాగానే నచ్చుతానేమో!

2019లో సాసన్ ఇంకొకటి చేశారు. వీడియో చూపించే ముందే ఈ మనిషికి ఆటిజం ఉందని చెప్తే, చూసేవాళ్ళ అభిప్రాయం మెరుగైంది. ఆటిజం గురించి ముందే తెలిసినవాళ్ళలో అయితే ఇంకా బాగుంది. నేను చెప్పడం మొదలుపెట్టింది ఇది చదివాకే. మనుషులు నాకు ఎలాగూ ఏదో ఒక పేరు పెడతారు. పొగరు అనే పేరు కంటే అసలు పేరే నయం కదా.

ల్యాబ్‌లో అలా ఉంది. బయట ఎలా ఉందో చెప్తాను.

అప్పుడు చేస్తున్న కంపెనీలో మేనేజరుకి చెప్పాను. చాలా ప్రేమగా విన్నారు. తర్వాతి నెల నుంచి క్లయింట్ మీటింగులకి పిలవడం మానేశారు. టీమ్ లీడ్ పేర్లలో నా పేరు ఉండేది, తీసేశారు. అడిగితే "నీకెందుకమ్మా ఆ స్ట్రెస్" అన్నారు. తిట్టలేదు, ఉద్యోగం తియ్యలేదు, ఫిర్యాదు చెయ్యడానికి ఏమీ లేదు. జాలి పడే మనిషి మీద కోప్పడటం చాలా కష్టం. ఎనిమిది నెలలు చూసి బయటికొచ్చేశాను.

ఇప్పుడు ఒక ఆడిటర్ దగ్గర పనిచేస్తున్నాను, చిన్న ఆఫీసు. ఇక్కడ మొదటి రోజు జబ్బు పేరు, గిబ్బు పేరు ఏమీ చెప్పలేదు. "సార్, పని నోటితో చెప్తే నాకు జారిపోతుంది, వాట్సాప్‌లో రాయండి. ఒకసారికి ఒకటే. గోడవైపు సీటు ఇవ్వండి" అన్నాను. సరే అన్నారు. నెలనెలా జీఎస్టీ రిటర్నులు 20వ తేదీకి వేయాలి. ఆ డెడ్‌లైనే నాకు పాత కాలేజీ బెల్లు. పేరు ఆర్నెల్ల తర్వాత చెప్పాను. సార్ ఓ నిమిషం ఆలోచించి, "అయితే ఆ సీటు మార్చొద్దు" అన్నారు, అంతే. ఆయన ఏ పరిశోధనా చదవలేదు.

చట్టం గురించి కూడా తెలుసుకోండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. ఆటిజం ఉంది, ఏడీహెచ్‌డీ విడిగా లేదు. ప్రభుత్వ ఉద్యోగాల్లో రిజర్వేషన్ లాంటివాటికి కనీసం 40 శాతం అని సర్టిఫికెట్ కావాలి. ఆటిజం కొలిచే ఐఎస్ఏఏ అనే స్కేలు తయారైంది మన సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థలోనే, ఇప్పుడు దాని పేరు ఎన్ఐఈపీఐడీ. 40 అంశాలుంటాయి. గడగడా మాట్లాడుతూ ఉద్యోగం చేసుకునే నాలాంటిదాని కష్టం అలాంటి అంకెలో పడుతుందని నాకు నమ్మకం లేదు, నేనింకా వెళ్ళలేదు. కానీ అదే చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రైవేటు సంస్థలు కూడా సమాన అవకాశాల విధానం ప్రకటించాలి. ఉద్యోగంలో చేరేటప్పుడు ఆ కాగితం అడిగి చూడండి. చాలాచోట్ల ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

పుష్పలో షెకావత్‌గా చేసిన ఫహాద్ ఫాజిల్ తెలుసు కదా. తనకి 41 ఏళ్ళ వయసులో ఏడీహెచ్‌డీ అని తేలిందని 2024లో ఆయనే బహిరంగంగా చెప్పారు. ఎంత ధైర్యం అని అందరూ షేర్ చేశారు. మా పెద్దమ్మ కూడా ఫ్యామిలీ గ్రూపులో ఫార్వర్డ్ చేసింది. అదే పెద్దమ్మ నాతో "ఈ సంగతి గడప దాటనివ్వకు" అంది.

పెళ్ళిచూపుల్లో మేడ మీద ఆ అబ్బాయితో పది నిమిషాలు మాట్లాడమన్నారు. పెళ్ళయ్యాక నెమ్మదిగా చెప్పుకోవచ్చులే అంది అమ్మ. నాకు నెమ్మదిగా చెప్పడం రాదు, మొదటి నిమిషంలోనే చెప్పేశాను. ఆయన మర్యాదగానే "పిల్లలకి వస్తుందా?" అని అడిగారు. రావచ్చు, ఇందులో జన్యువుల పాత్ర ఎక్కువే అన్నాను. నాలుగో రోజు జాతకాలు కుదరలేదని కబురొచ్చింది. జాతకాలు చూసుకుని, కుదిరాయనే పెళ్ళిచూపులకి వచ్చారు మరి.

దానికి నేను పెద్దగా బాధపడలేదు. నాకు భయమంతా చెల్లి గురించి. తనకి 28, సంబంధాలు చూస్తున్నారు. అక్కకి ఏదో ఉందట అంటే ముందు పోయేది తన సంబంధమే. నా సంగతి బయటపెడితే తన సంగతి కూడా బయటపెట్టినట్టే అని మన ఊళ్ళల్లో లెక్క. అందుకే ఈ ఎపిసోడ్ ఒప్పుకునే ముందు తననడిగాను. రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు మెసేజ్ పెట్టింది. "అక్కా, నాకు భయమేస్తోంది. కానీ వద్దని చెప్పడానికి చెయ్యి రావట్లేదు. మాట్లాడు. ఇంటిపేరు, ఊరి పేరు మాత్రం చెప్పకు."

అందుకే నా పేరు కూడా ఎక్కడా వినపడలేదు మీకు. మొహం చూసి గుర్తుపట్టేవాళ్ళకి ఎలాగూ తెలుసు. దీన్ని పూర్తిగా బయటికి రావడం అనాలా, గుమ్మం దాకా రావడం అనాలా, మీ ఇష్టం. పెద్దమ్మ లెక్క తప్పని నేను వాదించగలను. కానీ ఆ వాదనకి ఖర్చు పెట్టేది చెల్లి పెళ్ళి. అది నాది కాదు.

వచ్చే నెలలో చెల్లిని చూసుకోవడానికి ఒకళ్ళు వస్తున్నారు. నన్ను ఊళ్ళో లేనట్టు చేద్దామని పెద్దమ్మ అంది. నేను ఇంట్లోనే ఉండాలని చెల్లి అంది. అమ్మ ఎటూ చెప్పలేదు గానీ, వాళ్ళొచ్చేలోపే కుక్కర్ దించేస్తానంది.

ఉంటాను మరి. నమస్తే.